బొమ్మను ఎక్కడ పట్టాలి? టీవీ రికార్డింగుకు సామాను ఎంచుకోవడం

టీవీలో సెకనుకు 25 బొమ్మలు వస్తాయని చిన్నప్పుడు చదువుకున్నాం. డిజిటల్ ప్రసారాలు వచ్చాక ఆ మాట సగమే నిజం. ఇప్పుడు మన డిష్ మీద పడే ప్రసారంలో సెకనుకు పూర్తి బొమ్మలు రెండో మూడో ఉంటాయి, ఒక్కోసారి అన్ని కూడా ఉండవు. మిగతావన్నీ ముందు బొమ్మకూ దీనికీ తేడా ఏమిటో చెప్పే లెక్కలు. ఆ లెక్కల్ని విప్పి బొమ్మలుగా కట్టే పని టీవీయో సెట్ టాప్ బాక్సో చూసుకుంటుంది. కుర్చీలో కూచుని చూసేవాళ్లకు ఈ సంగతితో పనిలేదు. రికార్డు చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, కావలసిన ముక్కలు కోసి అతుక్కుందామనుకునేవాళ్లకు మాత్రం చిక్కులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఇలా అనుకునేవాళ్లు తక్కువేం కాదు. పిల్లవాడు పాల్గొన్న పాటల పోటీని దాచుకోవాలనే తల్లిదండ్రులు, వ్యవసాయ కార్యక్రమాల్లోంచి ముక్కలు తీసి రైతులకు చూపించాలనుకునే కార్యకర్తలు, వార్తల భాష మీద పరిశోధన చేసే విద్యార్థులు, అందరూ దుకాణానికి వెళ్లి మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ క్యాప్చర్ కార్డు మంచిది? అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. సిగ్నల్‌ను ఏ చోట పట్టుకోబోతున్నాం అన్నది ముందు తేల్చుకోవాలి. డిష్ నుంచి దిగే తీగ దగ్గర పట్టవచ్చు. బాక్సు వెనక సాకెట్ దగ్గర పట్టవచ్చు. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన వీహెచ్ఎస్ క్యాసెట్టు మీద నుంచి పట్టవచ్చు. ఒక్కో చోటికి ఒక్కో రకం పరికరం కావాలి. ఒకచోట అద్భుతంగా పనిచేసేది ఇంకోచోట శుద్ధ దండగ.

కత్తెరకు అడ్డం పడే ఫ్రేములు

ప్రసారాన్ని కుదించే పద్ధతి ఎంపెగ్-2 అయినా, 2003లో వచ్చిన హెచ్.264 అయినా బొమ్మల్ని గుంపులుగా కడుతుంది. గుంపు మొదట్లో ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని ఐ ఫ్రేమ్ అంటారు. తర్వాత వచ్చే పీ ఫ్రేముల్లో అంతకుముందు బొమ్మలోంచి ఏ భాగం ఎటు జరిగింది, కొత్తగా ఏం చేరింది అన్నదే ఉంటుంది. బీ ఫ్రేములు వెనకా ముందూ రెండు వైపులా చూసుకుంటాయి. ఎంపెగ్-2 ప్రసారాల్లో గుంపుకు 12 ఫ్రేములుండటం మామూలు. అంటే ఐ ఫ్రేము దాదాపు అర సెకనుకు ఒకసారి వస్తుంది. హెచ్.264లో ఈ ఎడం ఇంకా ఎక్కువ ఉండవచ్చు.

ఒక గాయకుడు పల్లవి ముగించాడు, వెంటనే చప్పట్లు. చప్పట్లు పడకముందే కోయాలి. సరిగ్గా ఆ చోటు గుంపులో ఏడో ఫ్రేము అయిందనుకుందాం. తర్వాతి ముక్క ఆ ఏడో ఫ్రేముతో మొదలుకావాలంటే కుదరదు, ఎందుకంటే మొదటి ఫ్రేము లేకుండా ఏడోదానికి అర్థం లేదు. సాఫ్ట్‌వేర్ ముందు రెండే దారులుంటాయి. దగ్గర్లో ఉన్న ఐ ఫ్రేము దాకా కోతను జరపడం ఒకటి. అప్పుడు చప్పట్లు సగం వినిపిస్తాయి. మొత్తం విప్పి మళ్లీ కుదించి రాయడం రెండోది. అప్పుడు ప్రతి ఫ్రేమూ కొంత నాణ్యత పోగొట్టుకుంటుంది. కొన్ని మంచి ప్రోగ్రాములు కోత పడ్డ గుంపును మాత్రమే విప్పి, మిగతాదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాయి. ముక్కలు తీసి దాచుకోవడమే పని అయితే ఇది చాలు. రంగులు సవరించాలి, అక్షరాలు వేయాలి, ఒక బొమ్మలోంచి ఇంకోదానిలోకి కరిగించాలి అంటే చాలదు.

కోతకు సరైన చోటు వెతుక్కోవాల్సిన అవస్థ కొత్తది కాదు. ఆంపెక్స్ కంపెనీ 1956లో వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది, ఆ ఏడాది నవంబరు 30న అమెరికాలో సీబీఎస్ దానితో వార్తలను ప్రసారం చేసింది. ఆ టేపు వెడల్పు రెండంగుళాలు. దాన్ని ఎడిట్ చేసేవాళ్లు టేపు మీద సన్నటి ఇనుప రజను కలిపిన ద్రవం పూసేవారు. అయస్కాంతపు జాడలు గీతలుగా తేలేవి. మైక్రోస్కోపులో ఆ గీతల్ని చూస్తూ, ఒక బొమ్మ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట బ్లేడుతో కోసి అతికించేవారు. కోత కొంచెం పక్కకు పడితే తెర మీద బొమ్మ ఎగిరిపడేది. ఇప్పుడు బ్లేడూ లేదు, ద్రవమూ లేదు. ఎక్కడ పడితే అక్కడ కోయడం మాత్రం ఇప్పటికీ కుదరదు.

అందుకే ఎడిటింగ్ కోసం పట్టేవాళ్లు ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండే పద్ధతిని కోరుకుంటారు. మామూలు టీవీ బొమ్మకు లెక్క వేసి చూద్దాం. అడ్డం 720 చుక్కలు, నిలువు 576 గీతలు, చుక్కకు 2 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు 2 కోట్ల 7 లక్షల బైట్లు, గంటకు దాదాపు 75 జీబీ. ఏమీ కుదించకుండా పడితే ఇంత. 1995 నాటి డీవీ పద్ధతి ప్రతి ఫ్రేమునూ విడివిడిగా కుదిస్తుంది, గంటకు 13 జీబీ పడుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1 వంటి నష్టం లేని పద్ధతులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. హార్డ్ డిస్కులు చిన్నగా ఉన్న రోజుల్లో కార్డులోనే ఎంపెగ్-2గా కుదించేసే టీవీ ట్యూనర్లు బాగా అమ్ముడయ్యాయి. చూసి చెరిపేసే పనికి అవి మంచివే, ఎడిటింగ్‌కు పనికిరావు. సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి కాబట్టి చెబుతున్నాను. ఇంకో చిన్న సంగతి: డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. రికార్డింగు మధ్యలో ఆగిపోయిందని కార్డును తిట్టుకునేముందు డిస్కును చూసుకోవాలి.

డిష్ తీగ దగ్గర

నాకు అన్నిటికన్నా నచ్చే చోటు ఇది. ఫ్రీ డిష్ అని మనం పిలుచుకునే దూరదర్శన్ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. అందులో తాళం లేకుండా వచ్చే ఛానెళ్లను పట్టడానికి సెట్ టాప్ బాక్సు అక్కర్లేదు. డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఒకటి కంప్యూటరుకు తగిలించి, డిష్ తీగను నేరుగా దానికి బిగిస్తే సరిపోతుంది. అది బొమ్మను విప్పదు, కుదించదు. ఆకాశం నుంచి వచ్చిన 188 బైట్ల పొట్లాలను వచ్చినవి వచ్చినట్టు డిస్కు మీద రాసిపెడుతుంది. స్టేషన్ పంపినదానికీ మీ ఫైలులో ఉన్నదానికీ ఒక్క బిట్టు కూడా తేడా ఉండదు. ప్రసారం సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో వస్తే గంటకు 1.8 జీబీ, అంతే. 75 జీబీ మోసి తెచ్చుకున్న బొమ్మ కూడా దీన్ని మించలేదు, ఎందుకంటే అసలు ప్రసారమే ఇంత.

కొనేటప్పుడు చూడాల్సింది కరెంటు. డిష్ ముందున్న ఎల్ఎన్‌బీకి ట్యూనరే తీగ గుండా 13 లేదా 18 వోల్టులు పంపాలి. ఏ దిశలో కంపించే తరంగాలను తీసుకోవాలో ఆ వోల్టేజీని బట్టే ఎల్ఎన్‌బీ తెలుసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. ట్యూనరుకూ ఎల్ఎన్‌బీకీ కలిపి అది చాలదు. కాబట్టి యూఎస్‌బీ రకం కొంటే విడిగా అడాప్టర్ ఉన్నదే కొనాలి. అడాప్టర్ లేని చిన్న స్టిక్కు చూపించి ఇది డిష్‌కు కూడా పనికొస్తుందంటే నమ్మవద్దు.

వాన సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ప్రసారాలు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు పీల్చేసుకుంటాయి. జోరువానలో కొన్ని పొట్లాలు పోతాయి. పోయింది ఐ ఫ్రేములోని ముక్క అయితే, ఆ దెబ్బ తర్వాతి ఐ ఫ్రేము వచ్చేదాకా ప్రతి బొమ్మలోనూ కనిపిస్తుంది. తెర మీద గళ్లు గళ్లుగా చెదిరి, ఉన్నట్టుండి శుభ్రపడటానికి కారణం ఇదే. దీనికి కార్డు మార్చి లాభం లేదు. కాస్త పెద్ద డిష్ పెట్టి, గురి సరిచేయించుకుంటే ఉపయోగం.

బాక్సు వెనక

డబ్బు కట్టి చూసే ఛానెళ్లకు ఈ దారి లేదు. ప్రసారం తాళంతో వస్తుంది, దాన్ని తీసేది బాక్సే. కేబులు కూడా అంతే: 2011లో చట్టాన్ని సవరించి, ఆ తర్వాతి ఏళ్లలో దశలవారీగా దేశమంతా కేబులును డిజిటల్ చేశారు. గోడలోంచి వచ్చే తీగను ట్యూనర్ కార్డుకు తగిలించి నేరుగా ఛానెల్ పట్టే పాత పద్ధతి దానితో ముగిసింది. కొన్ని బాక్సులకు పెన్ డ్రైవ్ పెడితే రికార్డు చేస్తాయి కదా అంటారు. నిజమే, కానీ సాధారణంగా ఆ ఫైలుకు కూడా తాళం ఉంటుంది. ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు, కంప్యూటర్లో పెడితే గుర్తు కూడా పట్టదు. ఎడిటింగ్ కోసమైతే ఈ సౌకర్యం చూసి బాక్సు కొనవద్దు.

మిగిలింది సాకెట్లు. హెచ్‌డీఎంఐ సాకెట్లోంచి బొమ్మ శుభ్రంగా వస్తుంది గానీ, దానికి హెచ్‌డీసీపీ అనే కాపలా ఉంటుంది. అవతల ఉన్నది టీవీ అని నిర్ధారించుకున్నాకే బాక్సు బొమ్మ వదులుతుంది. క్యాప్చర్ కార్డు తగిలిస్తే నల్ల తెర తప్ప ఏమీ కనపడదు. ఆ కాపలాను దాటించే పరికరాలు బజారులో దొరుకుతాయి, నేను సిఫారసు చేయను. 2012లో మన కాపీరైటు చట్టంలో చేరిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదించడం రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం. అదే చట్టంలోని 39వ సెక్షన్, ప్రసారాన్ని సొంత వాడకానికి గానీ నిజమైన బోధనకూ పరిశోధనకూ గానీ రికార్డు చేసుకోవడం తప్పు కాదంటుంది. ఎడిట్ చేసిన దాన్ని పదిమందికీ పంచిపెట్టడం ఆ వెసులుబాటు కిందికి రాదు. ఈ గీత ఎక్కడుందో తెలుసుకున్నాకే సామాను కొనాలి.

కాపలా లేని హెచ్‌డీఎంఐ ఉంటే, అంటే మీ సొంత కెమెరాకో ఫ్రీ డిష్ బాక్సుల్లో కొన్నింటికో, కార్డు ఎంపికలో ఒక్క లెక్క సరిపోతుంది. 1920 చుక్కలు, 1080 గీతలు, చుక్కకు 2 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు: సెకనుకు 10 కోట్ల 37 లక్షల బైట్లు, అంటే దాదాపు 830 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 తీగ కాగితం మీద మోయగలిగేదే 480. కాబట్టి యూఎస్‌బీ 2.0 స్టిక్కు ఏదైనా సరే, డబ్బా మీద 4కె అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపల బొమ్మను గట్టిగా కుదించి పంపాల్సిందే. యూఎస్‌బీ 3.0 వేగం 5000 మెగాబిట్లు. ఎడిటింగ్‌కు కొనాల్సింది అదే.

హెచ్‌డీఎంఐ కుదరనప్పుడు ఎరుపు, తెలుపు, పసుపు వైర్ల దగ్గరికి రావాలి. పసుపు వైరులో బొమ్మ మొత్తం ఒకే తీగ మీద వస్తుంది. వెలుగు చీకట్ల సమాచారం, దాని మీదే 4.43 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఎక్కించిన రంగు సమాచారం, రెండూ కలిసే ప్రయాణిస్తాయి. అవతల కార్డు వాటిని విడదీయాలి. వార్తలు చదివే ఆయన సన్న చారల చొక్కా వేసుకున్నాడనుకోండి. ఆ చారలు పుట్టించే కంపనాలు కూడా సరిగ్గా 4.43 దగ్గరే పడితే, కార్డు వాటిని రంగు అని పొరబడుతుంది. తెల్ల చొక్కా మీద ఎరుపు, ఆకుపచ్చ అలలు పాకుతాయి. ఒకసారి అలా రికార్డయ్యాక ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోవు. కార్డు మంచిదా చెడ్డదా తేల్చడానికి ఆ చారల చొక్కాను మించిన పరీక్ష లేదు. బాక్సుకు ఎస్-వీడియో సాకెట్ ఉంటే వెలుగు, రంగు వేర్వేరు తీగల్లో వస్తాయి కాబట్టి ఈ పోరే ఉండదు.

గీతలు, గడియారాలు

పాత టీవీ పద్ధతి బొమ్మను ఒక్కసారిగా గీయదు. ముందు ఒకటి, మూడు, అయిదు గీతలు. సెకనులో యాభయ్యో వంతు గడిచాక రెండు, నాలుగు, ఆరు. మన హెచ్‌డీ ఛానెళ్లలోనూ చాలావరకు ఈ ఆనవాయితీ సాగుతోంది. కూచిపూడి నర్తకి చెయ్యి విసిరిన క్షణంలో కంప్యూటర్ తెర మీద ఆపి చూడండి. చెయ్యి రెండు చోట్ల ఉంటుంది, అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. సరి గీతలు చెయ్యి ఒకచోట ఉన్నప్పటివి, బేసి గీతలు ఇంకోచోట ఉన్నప్పటివి. ఇది కార్డు లోపం కాదు, ప్రసారమే అంత. లోపం ఎక్కడంటే, ఈ పళ్లను దాచడానికి సగం గీతలు పారేసి, మిగతా సగాన్ని సాగదీసి ఇచ్చే చవక కార్డుల్లో. నర్తకి కదలికలో సగం అక్కడే పోతుంది. రెండు వరసలనూ ఉన్నవి ఉన్నట్టు పట్టే కార్డే కావాలి. వాటిని కలిపే పని తర్వాత సాఫ్ట్‌వేరుతో తీరిగ్గా చేసుకోవచ్చు, రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే మళ్లీ చేసుకోవచ్చు కూడా. ఎడిటింగ్ ప్రోగ్రాముకు మాత్రం ఏ వరస ముందో సరిగ్గా చెప్పాలి. తిరగేసి చెబితే బస్సు రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ నడుస్తుంది.

అంతకన్నా ఎక్కువమందిని ఏడిపించేది ధ్వని. బొమ్మను ఒక కార్డుతోనూ, ధ్వనిని కంప్యూటర్ సౌండు కార్డుతోనూ పడితే లోపల రెండు వేర్వేరు గడియారాలు నడుస్తాయి. ఒకటి సెకనుకు 48,000 నమూనాలు తీస్తున్నానంటుంది, నిజానికి 48,005 తీస్తుంది. దాదాపు పదివేలలో ఒకటో వంతు తేడా, ఎవరికీ పట్టదు. కానీ గంట గడిచేసరికి ఆ తేడా 0.375 సెకను అవుతుంది, అంటే 9 ఫ్రేముల పైనే. కార్యక్రమం మొదట్లో పెదవులూ పాటా కలిసే ఉంటాయి, చివరికొచ్చేసరికి గాయని నోరు మూశాక స్వరం వినిపిస్తుంది. మొదటి నిమిషం మాత్రం చూసి అంతా బాగుందనుకుంటే ఇది దొరకదు. బొమ్మనూ ధ్వనినీ ఒకే పెట్టెలో, ఒకే గడియారంతో పట్టే పరికరాన్ని కొనడమే దీనికి మందు. ధర కాస్త ఎక్కువైనా ఇక్కడ పొదుపు వద్దు.

క్యాసెట్టు దగ్గర

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, ఆ దశాబ్దంలోనే వీసీఆర్లు ఇళ్లలోకి చేరాయి. 1995లో ఈటీవీ వచ్చింది. ఆ రోజుల్లో ఎవరో ముచ్చటపడి రికార్డు చేసుకున్న కవి సమ్మేళనమో, నాటకమో, బాలు గారి 'పాడుతా తీయగా' తొలి భాగమో ఇప్పటికీ బీరువాల్లో ఉంది. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. బీబీసీ అంతటి సంస్థ 1960లు, 70లలో టేపులు మళ్లీ వాడుకోవడానికి తన కార్యక్రమాలను చెరిపేసింది. 'డాక్టర్ హూ' ధారావాహికలో బొమ్మ పోయిన భాగాలన్నిటికీ ఇవాళ ధ్వని మిగిలిందంటే, ఇళ్లలో ప్రేక్షకులు టేపు రికార్డరు పెట్టుకుని పట్టినందువల్లే. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన మారియన్ స్టోక్స్ అనే ఆమె 1979 నుంచి 2012లో చనిపోయేదాకా టీవీ వార్తలను రికార్డు చేస్తూనే ఉంది. సుమారు 70 వేల క్యాసెట్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి.

వీహెచ్ఎస్‌లో తిరిగే డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ ఒక్కో చుట్టుకు ఒక్కో ఫ్రేము చదువుతుంది. టేపు సాగితే, రబ్బరు చక్రం అరిగితే, గీతలు ఒకే నిలువులో మొదలుకావు. పాత టీవీ సర్దుకుపోయేది, క్యాప్చర్ కార్డు సర్దుకోదు. నిలువు స్తంభాలు వంకర్లు పోతాయి, మధ్యమధ్య ఫ్రేములు రాలిపోతాయి. అందుకని వీసీఆరుకూ కార్డుకూ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ ఒకటి ఉండాలి. అది గీతల్ని జ్ఞాపకంలోకి తీసుకుని, వరస సరిచేసి, సమయానికి వదులుతుంది. అసలైనది ఖరీదు. చాలామంది పాత డీవీడీ రికార్డరులోంచి సిగ్నల్ పోనిచ్చి అదే పని చేయించుకుంటారు, కొన్ని మోడళ్లు బాగానే చేస్తాయి. క్యాసెట్టు పనిలో కార్డు మీద పెట్టే డబ్బు కన్నా మంచి వీసీఆరు మీద, ఈ సర్దుబాటు మీద పెట్టే డబ్బుకే ఫలితం ఎక్కువ. అడ్డం వివరం వీహెచ్ఎస్‌లో సగం దాకా పోయినా, నిలువు గీతలు 576 అలాగే ఉంటాయి. కాబట్టి సగం సైజులో పడితే చాలని ఎవరన్నా వినవద్దు. అడుగున నాలుగైదు గీతలు చెదిరి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. టేపును చదివే హెడ్లు మారే చోటు అది, పాత టీవీల్లో చట్రం వెనక దాగి ఉండేది. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం, కోస్తా తేమలో ఇది మామూలే, వీసీఆర్లో పెట్టవద్దు. ఆ క్యాసెట్టూ పాడవుతుంది, హెడ్లకంటి తర్వాతి క్యాసెట్లూ పాడవుతాయి. తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాలి.

ఏ సామాను కొన్నా, వాపసు గడువు ఉండగానే ఒక పూర్తి గంట రికార్డు చేయండి. చివరి నిమిషంలో పెదవులు చూడండి. చెయ్యి విసిరిన చోట ఆపి గీతలు చూడండి. ఎన్ని ఫ్రేములు రాలాయో ప్రోగ్రాము చెబుతుంది, ఆ అంకె చూడండి. మూడింటిలో ఏది తప్పినా తిరిగి ఇచ్చేయండి. ఇక డిష్ పనీ, బాక్సు పనీ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా ఫరవాలేదు. బీరువాలో క్యాసెట్లుంటే ముందు వాటి పని చూడండి. ప్రపంచంలో వీసీఆర్లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్, 2016 జులైలో ఆ తయారీ ఆపేసింది.